తిరుగు బస్సులో మొహాలు

ఆ వేసవిలో మా ఇంట్లో అందరికీ సముద్రం మీద ఒక్కో అభిప్రాయం ఉండేది. ఒక్క అమ్మకే లేదు. ఆవిడకి చూడాలని ఉండేది, అంతే.

ఏ సముద్రం అంటే, మా ఊరికి మూడు గంటల దూరంలో ఉన్న బీచ్. ఎండలు మొదలయ్యాయంటే చాలు, జనం ఎగబడి వెళ్ళే చోటు. హోటళ్ళు, గొడుగులు, రంగు కుర్చీలు, బస్టాండు గోడ నిండా దాని ఫోటోలు. అక్కడికి పోయే బస్సుకి డ్రైవరు మా నాన్న. ఆ బస్సుకి టికెట్లిచ్చే కౌంటరులో కూర్చునేది నేను. అంటే ఊళ్ళో సగం మందిని సముద్రానికి పంపింది మా ఇల్లే. మా ఇంట్లోంచి అమ్మ మాత్రం ఎప్పుడూ వెళ్ళలేదు. ఎందుకంటే ఎప్పుడూ అడగలేదు. అడగని మనిషికి మా ఇంట్లో ఏదీ దొరకదు. అడిగితే మాత్రం దొరుకుతుందా అంటే, అదే చెప్పబోతున్నాను.

ఎండలు ముదరకముందే ఒక ఉదయం కంటి డాక్టరు అమ్మని లోపల కుర్చీలో కూర్చోబెట్టి, నన్నూ నాన్ననీ వరండాలోకి పిలిచాడు. కంటి నరం ఎండిపోతోందన్నాడు. పక్క చూపు ఎప్పుడో పోయిందట. ఆవిడ చెప్పలేదు, మేం గమనించలేదు. గడపలు తన్నుకుంటుంటే, గ్లాసులు పడేస్తుంటే, చూసి నడవమ్మా అని నేను విసుక్కునేదాన్ని కూడా. మిగిలింది మధ్యలో కాస్త, తాళం కన్నంలోంచి చూసినంత. అది కూడా నిలవదన్నాడు.

"ఎన్నాళ్ళుంటుంది సార్?" అని నాన్న అడిగాడు, బస్సు ఎన్నింటికి అని అడిగినట్టు.

"ఏడాది ఉండొచ్చు, ఆరు నెలలు ఉండొచ్చు. ఇంకా ముందే పోవచ్చు. చెప్పలేం. ఆవిడ చూడాలనుకున్నవేమైనా ఉంటే చూపించెయ్యండి."

మేం లోపలికి వెళ్ళేసరికి అమ్మ గోడ మీది చార్టులో అక్షరాలు గడగడా చదివేస్తోంది. పై వరస నుంచి కింది వరస దాకా ఒక్క తప్పు లేదు. కాకపోతే అవి పోయిన నెల చార్టులో అక్షరాలు. గోడ మీద ఉన్నది వేరే చార్టు. అక్కడున్న నర్సు నా వంక చూసింది. నేను నేల వంక చూశాను. అమ్మకి ఏమీ చెప్పకూడదని దారిలో నాన్న నాకు కళ్ళతోనే చెప్పాడు.

అమ్మ పని కాజాలు కుట్టడం. పక్క వీధిలో టైలరు బాబాయి దుకాణం ఉంది. ఆయన కుట్టిన చొక్కాలన్నీ మా ఇంటికి వచ్చేవి, అమ్మ కిటికీ దగ్గర కూర్చుని కాజాలు తీసి గుండీలు వేసి పంపేది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆవిడని ఆ కిటికీ దగ్గరే చూశాను. కిటికీ ఉన్నది వెలుతురు కోసమే గానీ బయటికి చూడ్డానికి కాదు. చూద్దామన్నా ఎదుటింటి గోడ తప్ప ఏమీ లేదు.

ఆ సాయంత్రం ఆ కిటికీ దగ్గరే, దారం కొరుకుతూ అడిగింది.

"ఏవండీ, నన్నోసారి సముద్రానికి తీసుకెళ్తారా?"

నాన్న చెప్పులు విప్పుతున్నవాడు అలాగే ఆగిపోయాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆవిడ నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది. ఇంకొకరైతే ఎగిరి గంతేసి తీసుకెళ్ళేవారు. మా నాన్న ఆలోచించాడు. ఆలోచించి, "అక్కడేముందని?" అన్నాడు.

ఈ విషయంలో ఆయనకి పెద్ద సిద్ధాంతమే ఉంది. ఇరవై ఆరేళ్ళుగా బీచ్ దాకా బస్సు నడుపుతున్నాడు గానీ ఒక్కసారి కూడా సముద్రం చూడలేదు. మీరు నమ్మరు, కానీ నిజం. అక్కడి బస్టాండు కొండకి ఇవతల ఉంది. నీళ్ళ దాకా పోవాలంటే ఇరవై నిమిషాలు ఎక్కి దిగాలి. బస్సు ఆగేది నలభై నిమిషాలు. ఆ కాస్తలో బస్సు వచ్చినట్టు సంతకం పెట్టించుకోవాలి, టైర్లు తట్టి చూసుకోవాలి, క్యారేజీ విప్పి తినాలి, వెనక సీటులో కాస్త నడుం వాల్చాలి. గాలి అటు నుంచి వీస్తే ఉప్పు వాసన వస్తుంది, అంతవరకే. కొత్తలో ఓసారి వెళ్ళొద్దామని అనుకున్నాడట. తర్వాత ఆ అవసరం లేకపోయింది. ఎందుకంటే ఆయనకి అద్దం ఉంది.

డ్రైవరు నెత్తి మీద ఉంటుందే, బస్సులో జనమంతా కనపడే అద్దం, అది. వెళ్ళేటప్పుడు మొహాలు చూడాలి, వచ్చేటప్పుడు మొహాలు చూడాలి అనేవాడు. వెళ్ళేటప్పుడు ఒకటే గోల, పాటలు, కిటికీల్లోంచి బయటికి తలలు. అదే జనం రెండు రోజులకి తిరుగు బస్సు ఎక్కితే, చావు కబురు విన్నట్టు కూర్చుంటారు. మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోరు. పిల్లలు ఊరికే ఏడుస్తారు. ఇరవై ఆరేళ్ళలో తిరుగు బస్సులో ఒక్క నవ్వు మొహం చూడలేదని, అక్కడ నిజంగా ఏమైనా ఉంటే ఆ మొహాలు అలా ఎందుకుంటాయని అడిగేవాడు. ఎవరైనా బీచ్ ఊసెత్తితే ఈ లెక్చరు మొత్తం వినాల్సిందే. మా చుట్టాలందరికీ అది కంఠతా వచ్చు.

"నీ కూతురు వెళ్ళొచ్చింది కదా, దాన్నే అడుగు. ఏమని చెప్పింది?" అన్నాడు నాన్న.

నాలుగేళ్ళ కిందట కౌంటరులో పని చేసే నలుగురం కలిసి రెండు రోజులు వెళ్ళొచ్చాం. నా జన్మలో అంత సంతోషంగా ఎప్పుడూ లేను. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, దేనికో తెలియకుండా పిచ్చిదానిలా నవ్వాను. ఇంటికొచ్చేసరికి అమ్మ ఒళ్ళో పది చొక్కాలు పెట్టుకుని కూర్చుని ఉంది. ఎలా ఉందే అని అడిగింది. ఆ చొక్కాలు చూసి నాకు నోరు రాలేదు. "ఏముందమ్మా. ఇసుక, ఉప్పునీళ్ళు, జనం" అన్నాను. ఆవిడ తల ఊపి మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకుంది. మంచి పని చేశానని నాకు నేనే మెచ్చుకున్నాను. ఇప్పుడా మూడు ముక్కలూ నాన్న చేతిలో ఆయుధాలయ్యాయి.

అప్పుడే నిజం చెప్పి ఉండాల్సింది. అమ్మ నా వైపు తిరిగింది. నా మొహం కోసం తల అటూ ఇటూ కదిపి, తన తాళం కన్నంలో నన్ను దొరకబుచ్చుకుంది. నేను నాలిక మడుచుకుని కూర్చున్నాను. నాలుగేళ్ళ అబద్ధాన్ని ఒక్క సాయంత్రం విప్పాలంటే సిగ్గేసింది. అంతే, ఇంకే కారణమూ లేదు.

అక్కడి నుంచి మా ఇంట్లో పంచాయితీ మొదలైంది. ఒక ఆదివారం మధ్యాహ్నం పెద్దమ్మ, అంటే అమ్మ సొంత అక్క, పని కట్టుకుని వచ్చింది. ఆవిడ అయిదేళ్ళ కిందట వెళ్ళొచ్చి ఇంకా కోలుకోలేదు. మొదటి గంటలోనే చెప్పులు పోయాయట. సముద్రం కనపడే గది అని చెప్పి ఇచ్చిన గదిలో కిటికీ తీస్తే నీళ్ళ ట్యాంకు కనపడిందట. ఎక్కడ చూసినా జనం, కాలు పెట్టడానికి చోటు లేదట. తిన్న ప్రతి ముద్దలో ఇసుకేనట. "దాని కంటే మన బాత్రూములో బకెట్టు నింపుకుని, పక్కన గుప్పెడు ఇసుక పోసుకు కూర్చుంటే హాయి" అని తేల్చేసింది. నాన్న ఆవిడకి ఇంకో కప్పు టీ పోయించాడు. వాళ్ళిద్దరికీ ఒక విషయంలో మాట కలవడం అదే మొదలు.

సరిగ్గా అప్పుడే టైలరు బాబాయి చొక్కాల మూటతో వచ్చి ఇరుక్కున్నాడు. ఆయనది వేరే పాట. పెళ్ళైన కొత్తలో వెళ్ళారట, మూడు రోజులనుకుంటే వారం ఉండిపోయారట. పొద్దున్నే సూర్యుడు నీళ్ళలోంచి పైకి వస్తుంటే పక్కనున్న పెళ్ళాన్ని కూడా మర్చిపోయానని, ఆ సంగతి ఆవిడ ఇప్పటికీ దెప్పుతుందని చెప్పాడు. పెద్దమ్మ పెదవి విరిచి, అది పాతికేళ్ళ నాటి మాట, ఇప్పుడు సూర్యుడు కూడా హోటలు వెనక నుంచే వస్తున్నాడంది. ఇద్దరూ మాటకి మాట అంటూ ఒంటికాలి మీద లేచారు. నాన్న మధ్యలో దూరి తన అద్దం లెక్చరు ఎత్తుకున్నాడు.

అమ్మ ఈ గోలంతా వింటూ కాజాలు తీస్తూనే ఉంది. అందరూ ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు టైలరు బాబాయిని అడిగింది.

"అది కాదు మరిదీ. అక్కడ నిలబడితే ఎంత దూరం కనపడుతుంది?"

"ఎంత దూరమేంటి వదినా? అడ్డమేముంది అక్కడ? చూసినంత మేరా నీళ్ళే."

"పక్కకి తిరిగితే?"

"పక్కకి తిరిగినా అంతే. ఎటు చూసినా అదే."

"అయితే మధ్యలో కాస్త కనపడినా చాలు" అంది అమ్మ. "నా జన్మంతా జానెడు దూరంలోనే చూశాను. ఒక్కసారి అంత దూరం చూడాలని ఉంది."

ఆవిడకి తెలుసని అప్పుడే నాకర్థమైంది. డాక్టరు మాకు వరండాలో చెప్పింది ఆవిడ ఎప్పటి నుంచో మోస్తోంది. పెద్దమ్మకి, టైలరు బాబాయికి సంగతి తెలియదు కాబట్టి వాళ్ళు మామూలుగా టీ తాగారు. నాన్న లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

నేను వెనకాలే వెళ్ళాను. కుళాయి కింద కాళ్ళు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. తీసుకెళ్ళు నాన్నా, నీ సొమ్మేం పోయింది అన్నాను. ఆయన నా మీద అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"ఉన్న చూపే కాస్త. దాన్ని తీసుకెళ్ళి ఆ చెత్త మీద పొయ్యమంటావా? రేపు అన్నీ మూసుకుపోయాక దానికి గుర్తుండేది అదేనా? ఇరవై ఆరేళ్ళు చూశానే నేను ఆ మొహాలు. మీ అమ్మ మొహం కూడా అలా అయిపోతే నేను చూడలేను."

మొండితనం అనుకుంటే పోట్లాడొచ్చు. ప్రేమతో పోట్లాడ్డం ఎలాగో నాకు తెలియలేదు. చివరికి ఒక రాజీ మాట అన్నాడు. ఇప్పుడు సీజను, ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు. వానలు పడనీ, జనం పల్చబడనీ, అప్పుడు తనే సెలవు పెట్టి తీసుకెళ్తానన్నాడు. చూడక తప్పదంటే కనీసం ఖాళీగా ఉన్నప్పుడు చూస్తుంది అన్నాడు. నాకది సబబుగానే తోచింది. రెండు నెలలే కదా అనుకున్నాను.

ఆ రెండు నెలలూ నాన్న ఆవిడకి తన లెక్కలో చూడదగ్గవన్నీ చూపించాడు. సెలవు దొరికిన ప్రతి రోజూ చెయ్యి పట్టుకుని బయల్దేరదీసేవాడు. పార్కులో కొత్తగా పెట్టిన నీళ్ళ ఫౌంటెన్, పది అంతస్తుల షాపు, ఊరి బయట పూలతోట. పూలతోటకి నేనూ వెళ్ళాను. ఎకరాల కొద్దీ పూలు. అమ్మ ఒక్కో పువ్వునీ వెతుక్కుని, తల కదిపి దాన్ని చూపులోకి తెచ్చుకుని, చూసి, వదిలేసి, పక్కదాన్ని వెతుక్కుంటోంది. కాజాలు లెక్కపెట్టినట్టే ఉంది. ఎలా ఉందోయ్ అని నాన్న ఆశగా అడిగాడు. "బాగుందండీ. దగ్గర దగ్గరగా నాటారు" అంది. ఆయన సంతోషించాడు. ఇంటికొచ్చాక, వానలు ఎప్పుడు మొదలవుతాయని అమ్మ నన్నడిగింది.

సీజనులో కౌంటరు దగ్గర మాకు తల ప్రాణం తోకకి వస్తుంది. ఆ వేసవి మధ్యలో ఒకాయన, పెద్దాయనే, భార్యని వెంటబెట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు. వెనక క్యూ అంతా గొణుగుతున్నా కదలకుండా, "అమ్మాయ్, ఒకడు వెళ్ళమంటాడు, ఒకడు వద్దంటాడు. నువ్వు చెప్పు, అంత దూరం వెళ్ళి చూడాల్సిందేమైనా ఉందా అక్కడ?" అని అడిగాడు.

"వెళ్ళండి బాబాయ్ గారూ. ఇవాళే వెళ్ళండి. అలాంటిది ఇంకోటి లేదు" అన్నాను.

ముక్కూ మొహం తెలియని వాడికి నిజం చెప్పాను. కన్నతల్లికి చెప్పలేదు. ఆ రోజు డ్యూటీ దిగగానే డిపోకి వెళ్ళి, బస్సు కడిగిస్తున్న నాన్న దగ్గర నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాను. అప్పుడు నేను చెప్పింది అబద్ధం నాన్నా, అమ్మ బాధపడుతుందని అలా అన్నాను, అది చాలా బాగుంటుంది, అమ్మని వెంటనే తీసుకెళ్దాం అన్నాను.

నాన్న నన్ను చూసి జాలిగా నవ్వాడు.

"అప్పుడు చెప్పింది అబద్ధం కాదే, ఇప్పుడు చెప్తున్నదే అబద్ధం. ఆ రోజు తిరిగొచ్చింది నా బస్సులోనే కదా? నీ మొహం చూశాను అద్దంలో. మూడు గంటలూ ఎండిపోయిన మొహం పెట్టుకుని కూర్చున్నావు. మీ అమ్మ కోసం మాటలు మార్చకు."

నేను నోరు తెరిచాను, కానీ ఏమని చెప్పను? ఆ రోజు నా మొహం ఎలా ఉందో నాకెలా తెలుస్తుంది? అద్దం ఆయన దగ్గరుంది. నాకు గుర్తున్నదల్లా మోకాళ్ళ దగ్గర నీళ్ళు, ఆ నవ్వు. బస్సులో మూడు గంటలు ఎలా గడిచాయో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ఆయన గెలిచాడు. నేను అమ్మకి చెప్పే ధైర్యం కూడా అక్కడే డిపోలో వదిలేసి ఇంటికొచ్చాను. తీసుకెళ్ళే మనిషి కదలనప్పుడు ఊరించడం దేనికని సర్దిచెప్పుకున్నాను. నాకు సర్దిచెప్పుకోవడం బాగా వచ్చు.

వానలు ఆ ఏడు సమయానికే వచ్చాయి. రెండో వారానికి బీచ్ బస్సు సగం ఖాళీగా వెళ్ళడం మొదలైంది. నాన్న ఎల్లుండి కాక ఆ పై సోమవారానికి సెలవు రాసి పెట్టాడు. ఇంకా తొమ్మిది రోజులుంది.

ఆ శుక్రవారం పొద్దున టైలరు బాబాయి వచ్చాడు. ఎప్పుడూ నేరుగా లోపలికి వచ్చే మనిషి గుమ్మం దగ్గరే నిలబడి నన్ను పిలిచాడు. చంకలో ఒక తెల్ల చొక్కా ఉంది. మడత విప్పి నా చేతిలో పెట్టాడు.

ఆరు కాజాలు. కొలిచి పెట్టినట్టు సమానమైన ఎడం, ఒక్క పోగు అటూ ఇటూ పోలేదు. అమ్మ చేతి పని ఎప్పుడూ అంతే. పైది ఎర్ర దారంతో కుట్టింది. దాని కిందది నల్ల దారం. తర్వాతది ఆకుపచ్చ. మళ్ళీ ఎరుపు.

"నేను మార్పించుకుంటాలే" అన్నాడు బాబాయి గొంతు తగ్గించి. "వదినతో అనకు."

నేను లోపలికి వెళ్ళాను. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. చేతిలో ఇంకో చొక్కా. వేళ్ళు చకచకా కదులుతున్నాయి. మొహం మాత్రం గోడ వైపు ఉంది. దారాల డబ్బా పక్కనే ఉంది, అన్ని రంగులూ కలిసిపోయి. ఆ డబ్బాలోంచి తెల్ల దారం ఉండ తీసి ఆవిడ చేతికి అందేలా పెట్టాను. "నాలుగు రోజులైందే" అంది అమ్మ నెమ్మదిగా. "సోమవారం దాకా ఆగుతుందేమో అనుకున్నాను."

డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. ఆయన టార్చి వేసి చూసి, ఆర్పేసి, చీటీ రాయకుండానే కలం జేబులో పెట్టుకున్నాడు. వెలుతురు తెలుస్తుంది, చీకటి తెలుస్తుంది, అంతేనన్నాడు. నాన్న బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయాడు. లేపడానికి నేను చెయ్యి అందిస్తే, "రేపే వెళ్దాం" అన్నాడు. ఇప్పుడెందుకు నాన్నా అని నేనడగలేదు. వెళ్ళాలో వద్దో అడగాల్సింది ఆయన్ని కాదు, అమ్మని.

మర్నాడు పొద్దున బస్సులో నాన్న మొదటిసారి ప్రయాణికుడిలా కూర్చున్నాడు. డ్రైవరు సీటులో ఆయన కింద పని నేర్చుకున్న చిన్న డ్రైవరు ఉన్నాడు. మమ్మల్ని చూసి అతనికి ఒకటే సంబరం. అన్న ఇన్నాళ్ళకి కదిలాడు, ఇంక కుంభవృష్టే అన్నాడు. అమ్మ కొత్త చెప్పులు వేసుకుంది. దారంతా నవ్వుతూనే ఉంది. ఎక్కడి దాకా వచ్చాం అని ప్రతి స్టాపులోనూ అడిగింది. పైన అద్దంలో ఆవిడ మొహం నాకు కనిపించింది, నాన్న ఎప్పుడూ చెప్పే వెళ్ళేటప్పటి మొహం.

బస్టాండు నుంచి కొండ మీదుగా ఇరవై నిమిషాలు. చెరో పక్కా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాం. గొడుగులు మడిచేశారు, కుర్చీలు తలకిందులుగా పేర్చేశారు. మనిషన్నవాడు లేడు. నాన్న కోరుకున్నట్టే ఖాళీగా ఉంది.

కొండ దిగే చోట మలుపు తిరగగానే అది ఎదురొచ్చింది. నాకు తెలుసు కాబట్టి నేను సముద్రాన్ని చూడలేదు, నాన్నని చూశాను. ఆయన అడుగు తీసి అడుగు వెయ్యలేకపోయాడు. మబ్బు పట్టిన ఆకాశం కింద అంత నీరు, ఈ చివర నుంచి ఆ చివరకి, అడ్డం లేకుండా. ఆయన నోరు కాస్త తెరుచుకుని ఉంది. ఇరవై ఆరేళ్ళు నలభై నిమిషాల చొప్పున దీనికి వీపు పెట్టి పడుకున్న మనిషి.

ఇసుక మీదికి తీసుకెళ్ళి చెప్పులు విప్పించాం. నీళ్ళు కాళ్ళకి తగలగానే అమ్మ ఉలిక్కిపడి నవ్వింది. ఎటు వైపు నిలబడాలి అని అడిగింది. ఆవిడ మొహం హోటళ్ళ వైపు ఉంది. నాన్న రెండు భుజాలూ పట్టుకుని ఇటు తిప్పాడు.

"తెల్లగా ఉంది" అంది. కాసేపు అలాగే చూసింది. "ఇంకేం లేదు. మీరు చెప్పండి, ఎలా ఉంది?"

నాన్నకి ఇంతకాలం దీని మీద ఎన్ని మాటలుండేవో. ఒక్కటీ రాలేదు. బాగుందంటే ఆవిడ నుంచి తనే లాక్కున్నట్టు. బాగాలేదంటే అది అబద్ధం. ఆయన కళ్ళ నిండా నీళ్ళున్నాయి, తుడుచుకుంటే తెలిసిపోతుందని తుడుచుకోలేదు.

"ఏముంది" అన్నాడు. "ఇసుక, ఉప్పునీళ్ళు. జనం కూడా లేరు."

నీళ్ళు వచ్చి వెళ్ళాయి, మళ్ళీ వచ్చాయి.

"అమ్మాయి కూడా అలాగే చెప్పింది" అంది. "ఇసుక, ఉప్పునీళ్ళు, జనం అంది. నేను దాని మొహం చూశాను. అప్పుడు నాకు బాగా కనపడేది. వెలిగిపోతున్న మొహం పెట్టుకుని ఏమీ లేదంటోంది. ఎంత బాగుంటే దాచిపెట్టి ఉంటుందా అనుకున్నాను. అప్పటి నుంచే నాకు చూడాలనిపించింది."

నేను ఇసుకలో కూర్చుండిపోయాను. నాన్న నిలబడే ఉన్నాడు, ఆవిడ భుజాల మీది చేతులు తియ్యకుండా. మూడింటి బస్సు వేళ అయ్యేదాకా అమ్మ అక్కడే, అటు వైపే మొహం పెట్టి నిలబడింది. వెళ్దామా అని మేమెవరం అనలేదు. ఆవిడే అంది.

తిరుగు బస్సులో మేం కాక నలుగురు ఉన్నారు. అమ్మ మా ఇద్దరి మధ్య కూర్చుంది. ఎవరం మాట్లాడుకోలేదు. బీచ్ ఊరు దాటాక చిన్న డ్రైవరు పైకి చూసి, అద్దంలోంచి నాన్నని పలకరించాడు.

"ఏంటన్నా, ముగ్గురూ ఆ మొహాలేంటి? నువ్వు చెప్తూనే ఉన్నావు కదా, అక్కడేమీ లేదని. ఉత్తినే అంత దూరం వెళ్ళారు."

నాన్న తలెత్తి అద్దంలోకి చూశాడు. నేనూ చూశాను. ఇటు వైపు నుంచి అందులో మా మొహాలే ఉన్నాయి. ఆయన రోజూ చూసిన మొహాలే అవి, కొంచెం కూడా తేడా లేదు.

"రోడ్డు చూసి నడుపు" అన్నాడు.

"ఏమంటున్నాడండీ ఆ అబ్బాయి?" అని అమ్మ అడిగింది.

"ఏం లేదు. తిరుగు బస్సులో అందరి మొహాలూ ఇలాగే ఉంటాయంటున్నాడు."

"ఉండవూ మరి?" అంది అమ్మ. "వదిలేసి వచ్చేస్తున్నాం కదా."

నాన్న మళ్ళీ పైకి చూడలేదు. ఊరొచ్చేదాకా తల వంచుకుని, అమ్మ కొత్త చెప్పులకి అంటుకున్న ఇసుక వంక చూస్తూ కూర్చున్నాడు.